'లేరు' అని రాసిన చెయ్యి

దేశభక్తి విషయంలో నరసరాజుగారి ముందు ఎవరూ నోరు జారడానికి వీల్లేదు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఆయన ఉండే కాలనీలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. పంద్రాగస్టుకు జెండా ఎగరేసేది ఆయనే, ఉపన్యాసం ఇచ్చేది ఆయనే, ఆ తర్వాత మిఠాయి పంచేటప్పుడు జాతీయగీతం సగంలో ఎవరెవరు కదిలారో పేరుపేరునా చెప్పేదీ ఆయనే. ఒకసారి సినిమాహాల్లో గీతం వస్తుంటే లేవకుండా కూర్చున్న ఒకాయన్ని భుజం పట్టుకుని లేపబోయారు. తీరా చూస్తే ఆయన కాలికి తొడ దాకా సిమెంటు కట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు నాలుక కరుచుకున్నారు. నరసరాజుగారు కరుచుకున్నారా? అబ్బే! "చేతులైనా కట్టుకుని కూర్చోవచ్చు కదండీ" అని ఒక ముక్క అనేసి వచ్చి తన సీటు ముందు నిటారుగా నిలబడ్డారు.

ఆయనది భీమవరం దగ్గర పల్లె. నలభై ఏళ్ళ కిందట, రక్షణశాఖకు పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి సికింద్రాబాద్‌లో దిగారు. ఏ ఫ్యాక్టరీ అనేది మనకెందుకు లెండి. అక్కడే ఆఫీసరై ఆరేళ్ళ కిందట రిటైరయ్యారు. భార్య శేషారత్నం. ఒక్కడే కొడుకు, హేమచంద్ర. ఆ కొడుకు చేసుకున్న పిల్ల శ్రీలలిత. కథ ఆ పిల్లదే. సిగ్గు మాత్రం నరసరాజుగారిది.

శ్రీలలితది మలేషియా. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి అక్కడి తోటల్లో కూలికి పోయిన కుటుంబం. నాలుగు తరాలైనా ఇంట్లో తెలుగు వదల్లేదు. "ఏటండీ", "ఎందుకేటి" అంటూ ఆ పిల్ల మాట్లాడుతుంటే శ్రీకాకుళం బస్టాండులో నిలబడ్డట్టే ఉంటుంది. మందుల చదువు చదవడానికి హైదరాబాద్ వచ్చి, హేమచంద్రను చూసి, ఇక్కడే ఉండిపోయింది. కులం కాదు, ఊరు తెలీదు అని భీమవరం చుట్టాలు మూతులు ముడిస్తే నరసరాజుగారే అడ్డం నిలబడ్డారు. ఆ మాట ఒప్పుకుని తీరాలి. పన్నెండేళ్ళయింది పెళ్ళయి. ఇప్పుడు ఇంటి దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేస్తోంది.

కానీ ఆయన వేళాకోళం ఒకటుండేది. ఇంటికి చుట్టాలెవరొచ్చినా భోజనాల దగ్గర కోడల్ని అడగాల్సిందే: "ఏమ్మా, రేపు హాకీలో ఇండియాకీ మలేషియాకీ పోటీ వస్తే ఎవరు గెలవాలి?" ఆ పిల్ల నవ్వేసి, "బాగా ఆడినోళ్ళు గెలవాలి మావయ్యగారూ" అనేది. "చూశారా, పప్పు మనది తింటోంది, మనసింకా అక్కడే ఉంది" అని ఈయన పకపకా నవ్వేవారు. చుట్టాలూ నవ్వేవారు. శేషారత్నం మాత్రం వంటింట్లోకి పిలిచి, "మీకు బుద్ధి లేదండీ" అని చీవాట్లు పెట్టేది. శ్రీలలిత ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. నాలుగేళ్ళ కిందట మాత్రం ఎవరూ చెప్పకుండానే భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది.

కాగితాలు తిరిగి తిరిగి ఈ ఏడు ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. ఒప్పుకున్నాం, ముందు ఆ దేశపు పౌరసత్వం వదులుకుని రుజువు చూపించండి, తర్వాత పత్రం ఇస్తాం అని. జూలైలో ఆ పిల్ల చెన్నైలో మలేషియా కాన్సులేటుకు వెళ్ళి పాస్‌పోర్టు అప్పగించి వచ్చింది.

తీసుకురావడానికి నరసరాజుగారే సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్ళారు. చేతిలో మల్లెపూల పొట్లం, ముఖంలో పెళ్ళికొడుకు తండ్రి కళ. రైలు దిగిన కోడలి ముఖం చూస్తే ఆ కళ కాస్త తగ్గింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమ్మా, పనయిందా?"

"అయింది మావయ్యగారూ. నిజంగానేనా, ఆలోచించుకున్నావా అని మూడుసార్లు అడిగారు అక్కడ. మూడుసార్లూ అవునన్నాను. ఇక మా అమ్మని చూడాలంటే నేనూ వీసా అడగాల." అంతలో తనే నవ్వింది. "ఇక్కడి పత్రం చేతికొచ్చేదాకా నేను ఏ దేశం మనిషినీ కాను. దారిలో తప్పిపోతే ఎవరికి అప్పగించాలో పోలీసోళ్ళకి సుతా తెలీదు." 'కూడా' అనడానికి 'సుతా' అనేది సికింద్రాబాద్‌లో నేర్చుకున్న మాట. అప్పటికే ఆ పిల్ల నోట్లో శ్రీకాకుళం, భీమవరం, సికింద్రాబాద్ మూడూ కలిసిపోయాయి.

"ఎవరికో ఎందుకమ్మా, మాకు అప్పగిస్తారు" అన్నారు నరసరాజుగారు, పూలు చేతికిస్తూ. అన్నప్పుడు ఆ మాట నిజంగానే అన్నారు.

ఆగస్టు మొదటి వారంలో దయాకర్ వచ్చాడు. పోలీసుల్లో ఇలాంటి విచారణలు చూసే హెడ్ కానిస్టేబుల్, యాభై దాటిన మనిషి, మెత్తటి మాట. మొదటి విచారణ జరిగి మూడేళ్ళు దాటింది గనక, పత్రం ఇచ్చేముందు ఇంకొక్కసారి ఇంటివాళ్ళ మాట, ఇరుగుపొరుగు మాట రాసుకుని పోవాలట. ఆ మొదటి విచారణప్పుడు నరసరాజుగారు ఊళ్ళో లేరు. లేరంటే, కావాలనే లేరు. భీమవరంలో ఎవరిదో పెళ్ళని నాలుగు రోజుల ముందే రైలెక్కేశారు. ఈసారి తప్పించుకునే దారి లేకుండా సరాసరి హాల్లోనే దొరికిపోయారు.

ఎందుకంత భయం? చెబుతాను.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. ఏటా జనవరిలో ప్రతి ఉద్యోగీ ఒక కాగితం నింపి ఇవ్వాలి. ఇంట్లోగానీ దగ్గరి చుట్టాల్లోగానీ వేరే దేశపు పౌరులెవరైనా ఉన్నారా అని అందులో అడుగుతారు. దాన్ని అందరూ 'ఫారిన్ కాగితం' అనేవారు. క్యాంటీన్లో టీ తాగుతూ, కిందటేటి కాపీ ఎదురుగా పెట్టుకుని, 'లేరు' అని రాసి సంతకం గీకేసేవారు. ఎదురింటి పర్వతాలు కూడా ఆ ఫ్యాక్టరీలోనే చేసేవాడు. తమ్ముడి కొడుకు ఆస్ట్రేలియా పౌరుడయ్యాడని ఒక ఏడు పనిగట్టుకుని రాసిచ్చాడు. నెల తిరక్కుండా అతన్ని ముఖ్యమైన పనిలోంచి తీసి స్టోర్సులో వేశారు. నరసరాజుగారు అప్పుడు, "నీ అంత వెర్రివాణ్ణి చూడలేదయ్యా" అన్నారు. "ఉన్నదున్నట్టు రాసిన గద రాజుగారూ, అండ్ల తప్పేమున్నది" అన్నాడు పర్వతాలు, అంతే.

కొడుకు పెళ్ళైన మరుసటి జనవరిలో నరసరాజుగారి ముందుకూ ఆ కాగితం వచ్చింది. అదే ఏడు ఆయన పేరు ఒక పెద్ద ప్రాజెక్టుకు అనుకుంటున్నారు. అందరిలా టీ తాగుతూ రాసిపారేయలేదాయన. అరగంట కలం పట్టుకుని కూర్చున్నారు. తర్వాత 'లేరు' అని రాశారు. రిటైరయ్యేదాకా ఏటా అదే మాట, ఆరుసార్లు. ప్రాజెక్టు వచ్చింది, ఆ తర్వాత వెండి జ్ఞాపిక కూడా వచ్చింది. దానిమీద 'దేశసేవకు' అని చెక్కి ఉంటుంది. టీవీ పక్కనే పెట్టుకున్నారు.

దయాకర్ కళ్ళు మొదట ఆ జ్ఞాపిక మీదే పడ్డాయి.

"మంచిగున్నది సార్. మీరు ఫ్యాక్టరీల పెద్దగ చేసిన్రంట కద. మాకు తక్లీఫ్ లేదిగ." ఫైలు తెరిచాడు. "అమ్మ గురించి అంత మంచిగనే చెప్పిన్రు. కరోనా టైంల ఒక్కరోజు సుత డ్యూటీ బంద్ చెయ్యలేదని, మీకు జరమొస్తే వారం రోజులు వరండాల కుర్చీ ఏసుకొని కూసున్నదని ఎదురింటి పర్వతాలు సార్ చెప్పిండు. ఒక్కటే తక్కువున్నది సార్. మీ ఫ్యాక్టరీల ఇంట్ల బయటి దేశమోళ్ళుంటే రాసిచ్చుడు ఉంటది కద? ఆ కాపీ ఒకటిస్తే ఫైలు సాఫ్ అయితది."

నరసరాజుగారు జ్ఞాపిక కేసి చూశారు.

"కాపీ... లేదండీ."

"ఫికర్ లేదు సార్. ఏ ఏడు రాసిన్రో చెప్పున్రి, మేమే అడిగి తెప్పిచ్చుకుంటం."

తెప్పించుకుంటారా? తెప్పించుకుంటే ఆరు కాగితాలూ వస్తాయి. ఆరింటి మీదా ఆయన సంతకం.

"రాయలేదండీ" అన్నారు.

"ఎందుకు సార్?"

అక్కడ ఆగి నిజం చెప్పేస్తే సరిపోయేది. ఒక ముసలాయన భయపడి తప్పు చేశానని ఒప్పుకుంటే దయాకర్ లాంటివాడు కొరుక్కుతినేవాడు కాదు. కానీ మన రాజుగారి నాలుక తన్ను తాను కాపాడుకోవడానికి ముందుకు దూకింది.

"మాకు తెలిస్తే కదండీ రాయడానికి. ఆ అమ్మాయి మాట అదీ వింటే మీకే తెలుస్తుంది, శ్రీకాకుళం పిల్ల అనుకున్నాం. మాకు చెప్పలేదు. ఈ పౌరసత్వం గొడవ వచ్చాకే తెలిసింది."

దయాకర్ కలం ఆగింది. "అంటే పెండ్లప్పుడు దాచిపెట్టిందా సార్?"

"దాచిపెట్టిందని కాదు... చెప్పలేదు."

సరిగ్గా అప్పుడే శ్రీలలిత వంటింట్లోంచి టీ, ఒక పళ్ళెంలో జంతికలూ పట్టుకొచ్చింది. ఏమీ వినలేదు. మామగారి కప్పు విడిగా పెట్టింది, చక్కెర లేనిది. "తీసుకోండి అన్నయ్యా, ఇంట్లో చేసినవే" అంది దయాకర్‌తో. ఆయన ఒక జంతిక కొరికి, "బాగున్నయమ్మా" అన్నాడు, ఆ పిల్ల ముఖంలోకి చూడకుండా. తర్వాత కాగితం నరసరాజుగారి ముందు పెట్టాడు. "మీరు చెప్పిందే రాసిన సార్. జెర సదువుకొని సంతకం పెట్టున్రి." నరసరాజుగారు చదవలేదు. చదవడానికి ధైర్యం చాల్లేదు. సంతకం పెట్టేశారు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. దరఖాస్తుదారు, ఆమె మామగారు ఇద్దరూ ఇరవై రెండో తేదీన కలెక్టరు కార్యాలయంలో హాజరు కావాలి, వాంగ్మూలంలో కొన్ని విషయాలు తేల్చుకోవాల్సి ఉంది అని.

"ఏ విషయాలో" అంది శ్రీలలిత, నోటీసు అటూ ఇటూ తిప్పి. "మీరుంటారు కదా మావయ్యగారూ, నాకు భయం లేదు."

చూశారా, ఆ మాటకు భూమి చీలి ఆయన్ని మింగేయాలి. మింగలేదు. పైగా ఆయన తల ఊపారు కూడా. ఇంకా పది రోజులుంది కదా, రేపు చెబుదాం అనుకున్నారు. మర్నాడు కోడలు డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చింది, ఎల్లుండి చెబుదాం అనుకున్నారు. ఎల్లుండి హేమచంద్ర ఇంట్లోనే ఉన్నాడు, వాడి ముందు ఎలా అనుకున్నారు. శేషారత్నం రెండుసార్లు అడిగింది, అన్నం ఎందుకు సయించడం లేదని. షుగరన్నారు.

మధ్యలో పంద్రాగస్టు వచ్చిపడింది. కాలనీవాళ్ళు ఎప్పటిలా మైకు ఆయన చేతిలో పెట్టారు. ఒంట్లో బాగాలేదని తప్పించుకోవచ్చు. తప్పించుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో! అందుకని వేదిక ఎక్కారు. ఎక్కి, ఏటా చెప్పేదే చెప్పారు. ఇంటికంటే దేశం ముందు, మన సుఖం కంటే మన మాట ముందు అని. ఇరవై ఏళ్ళ అలవాటు, తడబడకుండా వచ్చేసింది. ముందు వరసలో శ్రీలలిత చీరకు కాగితపు జెండా గుచ్చుకుని నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. దిగాక మిఠాయి పొట్లం అందిస్తూ, "వచ్చే ఏడు నేనూ లెక్కలోకొస్తాను మావయ్యగారూ. అప్పుడు మీ హాకీ జోకు చెల్లదు" అంది. ఆ మిఠాయి ఆయన నోట్లో పెట్టుకోలేకపోయారు. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నారు.

ఇరవై రెండు వచ్చింది. హేమచంద్ర సెలవు పెట్టి ఇద్దర్నీ కారులో తీసుకెళ్ళాడు. లోపలికి పిలిచింది ఇద్దర్నే, అతను బయటి బల్ల మీద కూర్చున్నాడు. విచారించే ఆఫీసరు కల్పలత, నలభై ఏళ్ళ మనిషి, మాట తూచి మాట్లాడుతుంది. కుర్చీలు చూపించి, ఫైలు తెరిచింది.

"శ్రీలలితగారూ, మీ ఫైల్ అంతా క్లీన్‌గా ఉంది. ఒక్క విషయం కోసమే పిలిపించిన. మీరు వేరే దేశపు పౌరులన్న సంగతి మీ మామగారు తన ఫ్యాక్టరీకి తెలియజేయలేదు. ఎందుకంటే, పెళ్ళప్పుడు మీరు ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదని, శ్రీకాకుళం వాళ్ళమని నమ్మించారని ఆయన వాంగ్మూలం ఇచ్చారు. ఇది సంతకం. దీనికి మీ జవాబు కావాలి."

నరసరాజుగారు 'నమ్మించారని' అనలేదు. అనలేదా? అన్నదానికి అర్థం అదే కదా! ఆయన తల వంచి తన చెప్పుల కేసి చూశారు. తలెత్తితే కోడలు తనవైపే చూస్తోంది. కోపం కాదది. ఏదో లెక్క సరిపోయినట్టు, చాన్నాళ్ళుగా అర్థంకాని సంగతి ఇప్పుడు అర్థమైనట్టు చూస్తోంది. ఆయన చేతులు ఒళ్ళో ఉన్న నోటీసును మడతమీద మడత పెడుతున్నాయి. ఆ పిల్ల ఆ చేతుల్ని చూసింది.

"అవునండీ" అంది కల్పలతతో. "నేనే చెప్పలేదు. చెబితే పెళ్ళి ఆగిపోద్దేమోనని భయపడ్డాను."

కల్పలత కలం పక్కన పెట్టింది. "అమ్మా, జాగ్రత్తగా ఆలోచించుకొని చెప్పండి. ఇది రికార్డులోకి పోతుంది. దాచిపెట్టిన్రని మీ నోటితో మీరే ఒప్పుకుంటే మీ దరఖాస్తు ఏమైతదో నేను చెప్పలేను. ఆ పాస్‌పోర్టు కూడా ఇచ్చేసిన్రు మీరు."

"తెలుసండీ. మావయ్యగారి తప్పేం లేదు. అదే రాసుకోండి."

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకే ముఖం చెల్లడం లేదు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. ఆ మాట వినగానే నరసరాజుగారికి మొదట కలిగింది సిగ్గు కాదు. హమ్మయ్య అనిపించింది. ఆరు కాగితాలూ బయటికి రావు, పెన్షన్‌కు ఢోకా లేదు, వచ్చే ఏడు మైకు మళ్ళీ తన చేతికే వస్తుంది. పది రోజులుగా గుండెమీద ఉన్న రాయి దిగిపోయింది. ఊపిరి కూడా తేలిగ్గా ఆడింది. ఆ ఊపిరి ఆడటం ఆయనకే తెలిసింది. తెలిసినాక ఇక ఆ కుర్చీలో కూర్చోలేకపోయారు.

"అబద్ధమండీ అది" అన్నారు, లేచి నిలబడి.

"ఏది?"

"అమ్మాయి ఇప్పుడు చెప్పిందీ అబద్ధమే, నేను మొన్న రాయించిందీ అబద్ధమే. రెండూ నావల్ల వచ్చినవే. పిల్ల ఏ దేశందో మొదటిరోజే చెప్పింది. మాకందరికీ తెలుసు. ఫ్యాక్టరీకి నేనే తెలియనివ్వలేదు."

"మీరు కూర్చోండి సార్. తెలిసే దాచిన్రనడానికి ఏమైనా ఆధారం ఉందా? మొన్నటి మాట ఇప్పుడు మారుస్తున్రు కాబట్టి అడుగుతున్న."

ఆధారం ఉంది. పన్నెండేళ్ళుగా భార్యకు కూడా చెప్పని ఆధారం.

"శుభలేఖలు రెండు రకాలు వేయించానండీ. చుట్టాలకు పంచినదాంట్లో వియ్యంకుడి చిరునామా పేరాక్, మలేషియా అని ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్ళ కోసం వేరేగా యాభై కొట్టించాను. దాంట్లో శ్రీకాకుళం జిల్లా వాస్తవ్యులు అని ఉంటుంది. రెండూ నా బీరువాలో ఉన్నాయి. రిసెప్షన్‌కు మా ఆఫీసర్లు వస్తే, మా శ్రీకాకుళం వియ్యంకుడండీ అని పరిచయం చేశాను. ఆ పెద్దాయన ఒక్క క్షణం నాకేసి చూసి, నవ్వి, వాళ్ళతో చెయ్యి కలిపారు. ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

"మా నాన్న ఆ రెండో కార్డు రిసెప్షన్‌లో చూసి పట్టుకెళ్ళారు మావయ్యగారూ" అంది శ్రీలలిత నెమ్మదిగా. "ఎందుకిలా రాశారో నాకు ఇప్పటిదాకా తెలీదు. మా ఊరు పేరు చెప్పుకోడానికి మీకు నామోషీ అనుకున్నాం."

పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు ఆ పిల్ల అలా అనుకుంటూ ఆయనకు చక్కెర లేని టీ పెట్టింది. హాకీ వేళాకోళానికి నవ్వింది. జ్వరమొస్తే వరండాలో కూర్చుంది. నరసరాజుగారికి తల కొట్టేసినట్టయింది.

కల్పలత తెల్లకాగితాలు ఆయన ముందుకు తోసింది. "మీ చేత్తో మీరే రాయండి సార్. మొదటి నుంచి. ఫ్యాక్టరీవాళ్ళు ఏం చేస్తరో నాకు తెల్వదు, నా పని కాదది. నేను రాయాల్సింది మాత్రం నేను పంపిస్త." ఆయన రాశారు. నాలుగు పేజీలు. ఈసారి ప్రతి వాక్యమూ చదువుకుని, కింద సంతకం పెట్టారు.

బయటికొచ్చాక హేమచంద్రకూ అంతా తెలిసింది. కారు సగం దారి దాటింది. తర్వాత, "నాన్నగారూ, పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చాక కూడానా?" అన్నాడు, అంతే. ఇంట్లో శేషారత్నం రెండు శుభలేఖలూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, టీవీ పక్కనున్న వెండి జ్ఞాపిక తీసి పాత బట్టల అరలో పెట్టింది. నెల రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. పర్వతాలుకు నరసరాజుగారు తనే వెళ్ళి చెప్పుకున్నారు. "నాకు ఎరుకే రాజుగారూ" అన్నాడాయన. "ఎదురింటోణ్ణి, నాకెట్ల తెల్వకుంటది. మీరే ఎప్పుడో ఒకనాడు రాస్తరనుకున్న."

కాలనీ సంఘానికి ఒక ఉత్తరం రాసి, ఇకమీదట మైకు ఇంకెవరికైనా ఇవ్వమన్నారు. ఫ్యాక్టరీ నుంచి వివరణ అడుగుతూ ఒక కాగితం వచ్చింది, దానికీ ఉన్నదున్నట్టు జవాబు రాశారు. ఇంకా ఏమీ తేలలేదు. ఆయన ఇప్పుడు దాన్ని గురించి కూడా ఆలోచించడం మానేశారు. ఆయన ప్రాణమంతా కోడలి పత్రం మీదే ఉంది. సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. ఆ పిల్ల ఏ దేశానికీ చెందకుండా రోజూ డ్యూటీకి పోయి వస్తుంటే, గేటు చప్పుడైనప్పుడల్లా ఆయన పోస్టేమోనని లేచేవారు. నవంబరులో వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. వెళ్ళడానికి చేతిలో ఏ పాస్‌పోర్టూ లేదు. ఫోన్లోనే రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు డ్యూటీకి పోయింది. అదృష్టం బాగుండి ఆవిడ కోలుకుంది. ఆ మూడు రోజులూ నరసరాజుగారు గదిలోంచి బయటికి రాలేదు.

డిసెంబరు రెండో వారంలో పిలుపొచ్చింది. అదే కార్యాలయం, అదే కల్పలత. "నన్ను రావద్దంటే రానమ్మా" అన్నారు నరసరాజుగారు. "రండి" అంది శ్రీలలిత. ఆగస్టు తర్వాత ఆయనతో ఆ పిల్ల మాటలు తగ్గాయి. టీ మాత్రం విడిగానే పెడుతోంది.

ప్రమాణం ఇంగ్లీషులో చదువుతారా, తెలుగులో చదువుతారా అని అడిగారు. తెలుగులో అంది. నిలబడి, కాగితం రెండు చేతులా పట్టుకుని, బడిపిల్లలా గట్టిగా చదివింది. భారత రాజ్యాంగం మీద నిజమైన విశ్వాసమూ విధేయతా కలిగి ఉంటాననీ, ఈ దేశపు చట్టాలను నమ్మకంగా పాటిస్తాననీ, పౌరురాలిగా నా విధులు నెరవేరుస్తాననీ. ఒక్క మాట దగ్గర కూడా తడబడలేదు. హేమచంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. నరసరాజుగారు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

పత్రం తీసుకుని వరండాలోకి వచ్చాక, హేమచంద్ర కారు తేవడానికి దిగాడు. లిఫ్టు దగ్గర మామా కోడలూ మిగిలారు. ఆ పిల్ల ప్రమాణం కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలియక అడిగింది:

"మావయ్యగారూ, మీరు సుతా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాటలు చెప్పే ఉంటారు కదా?"

ఆయన ఆ కాగితం కేసి చూశారు.

"ఇక్కడ పుట్టినందుకు మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా. ఉద్యోగంలో చేరినరోజు మాత్రం ఒక కట్ట కాగితాలిచ్చారు. అందులో ఇదీ ఉండే ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టాను."

శ్రీలలిత కాగితం ఆయన వైపు చాపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొదటి వాక్యం చదివారు. రెండోదాంట్లో 'చట్టాలను నమ్మకంగా' అన్నంత వరకూ వచ్చి ఆగిపోయారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి, కలెక్టరు కార్యాలయం వరండాలో, అందరూ వస్తూపోతూ ఉంటే, వెక్కివెక్కి ఏడ్చారు. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుని కిందికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల కదలకుండా, తొందరపెట్టకుండా, ఆయన చదవడం పూర్తి చేసేదాకా పక్కనే నిలబడింది.